బుద్ధుడి కుడిచెయ్యి

"చిరిగినట్టు తెలిసిపోతోందే," అంటూ అత్తగారు చొక్కాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, మోచేతి దగ్గర వేలితో తడిమి, మళ్ళీ కోడలి ఒళ్ళో పడేసింది. పొయ్యి మీద పాలు, చేతిలో సూది, స్నానాలగదిలోంచి "అయిందా?" అని మొగుడి కేక. బీరువా నిండా చొక్కాలున్నా ఆయనగారికి ఆ చిరిగినదే కావాలి, అదొక ముచ్చట. ఆమె విప్పి మళ్ళీ కుట్టింది. ఈసారి అత్తగారు వెతికినా చిరుగు దొరకలేదు. "ఆఁ, ఇదీ పనంటే! చిరుగన్నాక పైకి కనపడకూడదు," అంది ఆవిడ తృప్తిగా.

ఆ ఇంట్లో ఆమె కుట్టిన చిరుగులు చొక్కాలవి మాత్రమే కాదు. నలుగురిలో మొగుడు తన మీద ఏదైనా మాట విసిరితే ముందుగా నవ్వేది ఆమే. తను నవ్వేస్తే అది వేళాకోళం అయిపోతుంది, నవ్వకపోతే అవమానం అవుతుంది. అందుకని నవ్వేది. అక్క ఫోన్ చేసి ఎలా ఉన్నావే అంటే "నాకేమే, మహారాణిని" అనేది. అక్క నమ్మేది కూడా.

ఆమె ఉద్యోగం మ్యూజియంలో, పాత బట్టలను బాగుచేసే గదిలో. కొన్నేళ్ళుగా ఆ గదిలో పెద్దబల్ల మీద ఉన్నది ఒకటే బట్ట. పట్టు మీద పట్టుదారంతో కుట్టిన బుద్ధుడు. ఎప్పటిదో తేల్చలేక పండితులు జుట్లు పట్టుకుంటున్నారు కానీ, వెయ్యేళ్ళ పైమాటే అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. గట్టిగా ఊపిరి వదిలితే పోగులు లేచిపోతాయి. కుట్టినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు గానీ, భూతద్దం కింద ఆ చేతులన్నీ ఆమెకు చుట్టాల్లా తెలుసు. మొహం కుట్టిన మనిషిది బిగువైన చెయ్యి. కుడిభుజం కుట్టిన మనిషి మొదట బుద్ధిగా మొదలుపెట్టి, అంచుకు వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు పొడుగు పొడుగు కుట్లు వేసి లేచిపోతుంది. ఆవిడకు ఆమె తొందరమ్మ అని పేరు పెట్టుకుంది. పనిచేస్తూ చేస్తూ "ఎందుకమ్మా అంత తొందర, నీ ఇంట్లోనూ కేకలేశారా?" అని అడిగేది.

ఆ తొందరమ్మ కుట్టిన కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. ఆపైన పురుగులు తినేసి గుడ్డే లేదు. అలాంటిచోట ఏం చెయ్యాలో ఆ పని నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజే చెబుతారు. ఉన్నదాన్ని నిలబెట్టాలి, లేనిదాన్ని కల్పించకూడదు. కన్నం వెనక అదే రంగు పట్టు పరిచి, రాలిపోయే అంచులను వెంట్రుకలాంటి దారంతో ఆ పట్టుకు పట్టి ఉంచాలి. అంతే. ఆ అంతే కోసమే ఆమె మెడ పట్టేసేది, కళ్ళు లాగేసేవి.

ఒక సెలవురోజు డైరెక్టరు, ఉద్యోగుల ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి మ్యూజియమంతా తిప్పి చూపించాడు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని బల్ల మీదికి వంగింది.

"అదేమిటే, కన్నం కన్నంలాగే ఉంది! ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"అది అలాగే ఉంచాలి అత్తయ్యా..."

"బాగానే ఉంది! దీనికా రోజూ ఇంటికి ఆలస్యంగా వచ్చేది?"

మొగుడు డైరెక్టరు వైపు తిరిగాడు. "నా చొక్కా అయితే పాలు కాగేలోపు కుట్టేస్తుందండీ మా ఆవిడ. ఇక్కడ జీతమిస్తున్నారుగా, సాగదీస్తోంది."

గదంతా గొల్లున నవ్వింది. డైరెక్టరూ నవ్వాడు. అందరికన్నా ముందు ఆమే నవ్వింది. అక్కడితో ఊరుకుందా? "ఏముందండీ, కుట్టుపనేగా," అని కూడా అంది.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళన్నది కాదు, తనన్నదే. ఇంటికి వచ్చినా ఆ సిగ్గు వదల్లేదు. అన్నం కలుపుతుంటే అదే, గిన్నెలు తోముతుంటే అదే. కుట్టుపనేగా! అయితే కుట్టి చూపిస్తాను, అనుకుంది కసిగా.

తర్వాతి రోజుల్లో తలుపు వేసుకుని ఆ లేని చేతిని కుట్టేసింది. దారాలకు వెలిసిన రంగు తనే వేసింది. అంచున తొందరమ్మ పొడుగు కుట్లను కూడా అచ్చంగా దింపింది. వేళ్ళు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు కాబట్టి తన అరచేతినే ముందు పెట్టుకుని చూసి కుట్టింది. పాత పట్టులో సూది దిగితే ఆ బెజ్జం ఇక పూడదు. తెలిసి తెలిసీ దించింది.

డైరెక్టరు పొంగిపోయాడు. "ఎక్కడ కుట్టారో నాకే తెలియట్లేదు మేడమ్! ఇదేదో ముందే చేసుంటే పోయేది. ఎవరికీ చెప్పక్కర్లేదు లెండి."

ప్రదర్శనకు ముందు ఒక పెద్ద పండితుడు చూడటానికి వచ్చాడు. అంతా వదిలేసి ఆ చేతి దగ్గరే ఆగిపోయాడు. "ఆహా, ఏం వేళ్ళండీ! ఆ కాలపు స్త్రీల భక్తంతా ఈ చేతిలోనే ఉంది. ఇప్పుడెవరి వల్ల అవుతుంది?" అన్నాడు. చిటికెనవేలు కాస్త వంకరగా ఉండటంలో ఏదో అంతరార్థం కూడా చెప్పాడు. డైరెక్టరు దగ్గి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె తన వంకర చిటికెనవేలిని పిడికిట్లో దాచుకుంది. ఇంకొకప్పుడైతే నవ్వు ఆగేది కాదు. ఇప్పుడు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. పాపం తొందరమ్మ! పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి కుట్టిన మనిషి పనిలో తన అబద్ధాన్ని కలిపేసింది. తన పనిలో తన పేరే లేకుండానూ చేసుకుంది. ఇంట్లో చేసే పనే ఇక్కడా చేశాను కదా, అనుకుంది. ఆ ఆలోచనకు చచ్చినంత సిగ్గేసింది.

మర్నాడు డైరెక్టరు వచ్చేసరికి వేళ్ళు లేవు. ఆమె పట్టకారుతో ఆఖరి పోగు లాగుతోంది.

"మీకేమైనా మతిపోయిందా? రేపేగా ప్రదర్శన!"

"అది నేను కల్పించిన చెయ్యి సార్. ఆ పండితులవారికి ఇందాకే ఫోన్ చేసి చెప్పేశాను. అంచున బెజ్జాలు పడ్డాయి, అవి పోవు. నా వల్లే పడ్డాయని పక్కన రాయించండి."

"ఉద్యోగం సంగతి ఆలోచించారా?"

"ఆలోచించాకే విప్పాను సార్."

ప్రదర్శన అయ్యాక మాట్లాడదాం అన్నాడాయన, మొహం మాడ్చుకుని.

మర్నాడు జనం బాగానే వచ్చారు. ఇంటివాళ్ళూ వచ్చారు. మొగుడు ఆ మోచేతి దగ్గర కుట్టిన చొక్కాలోనే ఉన్నాడు. అద్దం వెనక బుద్ధుడు, మణికట్టు తర్వాత ఖాళీ పట్టు, దాని చుట్టూ సన్నటి బెజ్జాలు. "చెప్పానా!" అన్నాడు మొగుడు, పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేలా. "రిటైరయ్యేదాకా సాగదీస్తుంది మా ఆవిడ!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వబోతూ ఆమె వైపు చూశారు. అలవాటు కొద్దీ ఆమె పెదవులు విచ్చుకోబోయాయి. బిగించి ఆపుకుంది. ఆమె నవ్వకపోయేసరికి ఇంకెవరూ నవ్వలేదు. మొగుడి నవ్వొక్కటే కాసేపు వినపడి, ఆగిపోయింది. పక్కవాళ్ళు ఆయన మొహంలోకి ఒకసారి చూసి, చూపులు తిప్పుకున్నారు.

అత్తగారు కంగారుగా కోడలి జబ్బ పట్టుకుని గుసగుసలాడింది. "ఏమిటమ్మాయ్ ఇది? చిరిగినట్టు నలుగురికీ తెలిసిపోతోంది!"

"తెలియనివ్వండి అత్తయ్యా," అంది ఆమె, మొగుడి వైపే చూస్తూ.