పదకొండో రూల్

"ఉదయా, ముందు సింకుల పాత్రలు తోము, తర్వాత నీ పాత్రలు రాద్దువు." రెండేళ్లుగా మా ఆయన మహిపాల్‌కి ఇదొక్కటే జోకు. మా ఇంట్లో గిన్నెల్ని పాత్రలనేది ఈ జోకు కోసమే. మొదటిసారి నేనూ నవ్వాను, అదే నేను చేసిన తప్పు. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ముందూ వేస్తాడు, వేసి నా మొహంలోకి చూస్తాడు. పొద్దంతా చైతన్యపురిలో కోచింగ్ సెంటర్‌కి ప్రశ్నపత్రాలు టైపు చేసి, ఇంటికొచ్చి రొట్టెలు చేసి, మిగిలిన ఆ కాస్త ఓపికతో ఒక ఆట తయారుచేశాను. మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగితే ఆ పాత్రగా జవాబు చెప్పాలి. చెప్పింది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. నా కథ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని ఎత్తేసే ముందురోజు జరుగుతుంది. పుస్తకాన్ని నేనే అచ్చు వేయించుకుంటున్నాను, సోమవారం ప్రెస్‌కి ఫైలు ఇవ్వాలి. అందులో పదకొండో రూల్ అంటే నాకు ప్రాణం: ఒకరి పాత్ర తరఫున ఇంకొకరు జవాబు చెప్పకూడదు.

ఆడించి చూడకుండా అచ్చుకివ్వడం ఇష్టంలేక ఆదివారం మధ్యాహ్నం బతిమాలి మహిపాల్‌నీ, మరిది కృష్ణనీ, అత్తమ్మనీ కూర్చోబెట్టాను. ఆటలో మహిపాల్ కమీషన్ ఏజెంటు, కృష్ణ హమాలీ, అత్తమ్మ మామిడిపండ్లు ఏరే మనిషి. కథ నడుపుతూనే రెండుసార్లు లేచి చాయ్ పెట్టాను, ఒకసారి కృష్ణ చార్జర్ వెతికిపెట్టాను.

"రేపట్నుంచి మార్కెట్ ఈడ ఉండదు. ఇప్పుడు నువ్వేం చేస్తవ్ అత్తమ్మా?"

"నన్నడుగుతవేంది? వాణ్ణడుగు" అని పెద్దకొడుకు వైపు చూసింది.

"అమ్మ ఇంట్లనే ఉంటది, రాసుకో" అన్నాడు మహిపాల్, ఫోన్లోంచి తలెత్తకుండా.

"పదకొండో రూల్" అన్నాను.

"గా రూల్ తీసెయ్. గిట్లైతే ఎవ్వరు కొనరు."

నిజంగానే తీసేద్దామనుకున్నాను. అంత అలసిపోయి ఉన్నాను. పోతే ఒక్క వాక్యమే కదా, ఈ ఇంట్లో ఎన్ని వాక్యాలు మింగలేదు. ఈలోగా అత్తమ్మ పాచికలు చేతిలోకి తీసుకుంది.

"పోత" అంది.

"ఏడికే?" కృష్ణ నవ్వాడు.

"బస్సెక్కి పోత. ఏడికో మీకెందుకు చెప్పాలె?"

పాచికలు వేసింది. ఐదూ, ఆరూ. పెద్ద అంకెలే, ఆటలో ఆమె వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడామె నా వైపు తిరిగింది.

"నీ పాత్ర ఏది?"

"నాకుండదు అత్తమ్మా. కథ నడిపేటోళ్లకు పాత్ర ఉండదు. మూడో రూల్."

"గదేం ఆటనే? అచ్చం ఇంట్ల లెక్కనే ఉన్నది."

ఆ మూడో రూల్ రాయమని నాకెవరూ చెప్పలేదు. మొగుడు అనలేదు, అత్త అనలేదు. నా చేత్తో నేనే రాసుకున్నాను, రెండేళ్లు చదువుకున్నాను, ఒక్కసారైనా అనుమానం రాలేదు. మహిపాల్ జోకులన్నీ కలిపినా ఇంత నొప్పి పుట్టలేదు.

సోమవారం ప్రెస్‌కి వెళ్లేముందు ఫైలు తెరిచాను. పదకొండో రూల్ అలాగే ఉంచాను. మూడోది కొట్టేసి, దాని చోట ఇంకొకటి రాశాను: "కథ నడిపే మనిషి మధ్యలో పుస్తకం పక్కవాళ్ల చేతికిచ్చి, తనూ ఒక పాత్ర తీసుకోవాలి."

సాయంత్రానికి సింకు నిండా గిన్నెలు. మహిపాల్ తన జోకు తను వేశాడు. నేను చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడు నువ్వేం చేస్తవ్?"

అతను అలవాటుకొద్దీ తల్లి వైపు చూశాడు. అత్తమ్మ కొంగు నడుముకి దోపుకుని గిన్నెలు తోమడానికి లేవబోయింది.

"పదకొండో రూల్, అత్తమ్మా" అన్నాను.

ఆమె కూర్చుంది.