చెవి వాటా

మా దూమా ఊళ్ళో బంగారం దొరికితే, మట్టిలో దాన్ని పసిగట్టి మోగే మిషనుకి కూడా ఒక వాటా ఉంటుంది. మిషనుని మోసుకెళ్ళి దాని చప్పుడు విన్నవాడిది చెవి వాటా, తవ్వినవాడిది చేతి వాటా, బండి తోలినవాడిది బండి వాటా. మిషను తిండి తినదు, నమాజు చేయదు, పెళ్ళిళ్ళలో చదివింపులు చదివించదు. అయినా మనిషితో సమానంగా దాని వాటా తీసి పక్కన పెడతారు. అది కొన్నవాడి ఇంటికి పోతుంది. నైలు ఒడ్డు నుంచి అబూ హమద్ బజారు దాకా ఎవర్ని అడిగినా ఇదే న్యాయం చెబుతారు.

ఈ న్యాయంలోని కిటుకు ఆడవాళ్ళ బుర్రకెక్కడానికి ఇన్నాళ్ళెందుకు పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. కిస్రా రొట్టెలు కాల్చి, ఎండు బెండకాయ పొడి మూటలు కట్టి మగవాళ్ళని బంగారం వెతకడానికి ఎండిన సయాల వాగులోకి పంపడం, వాళ్ళు తిరిగొచ్చి విదిలించింది ఏరుకోవడం, అదే రివాజు. ఒక మధ్యాహ్నం చీటీ కోసం చేరిన ఆడవాళ్ళకి కాఫీ పోస్తూ, సిత్తన ఆ మాట బయటికి అంది. మిషనుకి వాటా ఉన్నప్పుడు మిషను మనమే కొంటే ఏం పోయిందని అడిగింది. అందరికంటే ముందు బంగారు గాజు తీసి చాప మీద పెట్టింది సిత్తన అత్తగారు రయ్యా హాజ్జా. కోడలి వంటకి ఇరవై ఏళ్ళుగా వంకలు పెడుతున్న మనిషి ఆవిడ. చివరికి ఆవిడతో కలిపి తొమ్మిది మంది చేతులూ బోడి అయ్యాయి, మిషను ఎంచే పని సిత్తన నెత్తిన పడింది.

ఆమె మీద పడటానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం పోయిన ఆమె భర్త బుషారా ఊళ్ళోకల్లా మంచి చెవి ఉన్నవాడు. బతుకంతా నీళ్ళ పంపుల పక్కన పనిచేయడంతో చివర్లో ఆ చెవి మందగించింది. అప్పుడు హెడ్‌ఫోన్‌లో ఒక వైపు తన చెవికి, ఒక వైపు భార్య చెవికి పెట్టి, వాగులో ఇద్దరూ కాడెడ్లలా నడిచేవారు. ఊరు విరగబడి నవ్వింది. బుషారా ఖాతరు చేయలేదు. ఆ మిషను అద్దెది. ఆయన పోగానే దాని సొంతదారు దాన్ని పట్టుకుపోయాడు. ఆ చప్పుడు మాత్రం సిత్తన చెవిలో ఉండిపోయింది.

అబూ హమద్‌లో మిషన్ల సందుకి ఆమె వెంట మరిది తాజ్‌సిర్ వచ్చాడు. కొన్నాక మోసేది అతనే కదా. అంగడివాడు ఉమ్‌దుర్మాన్ పట్నం నుంచి వచ్చిన కుర్రాడు, వొంటినిండా అత్తరు. ఇసుక నింపిన తొట్టిలో బంగారు ఉంగరం పాతిపెట్టి, పిడి చివర పెద్ద పళ్ళెం ఉన్న కొత్త మిషను దాని మీద ఊపాడు. అది పెళ్ళి ఊరేగింపులా మోగింది. తాజ్‌సిర్ కళ్ళు మెరిశాయి. భుజాన వేసుకుని వాగులో నడిస్తే ఎలా ఉంటానో అప్పుడే చూసుకుంటున్నాడు పాపం.

"ఉంగరం గుండ్రంగా ఉంటుంది బాబూ, దాన్ని చూస్తే ఏ మిషనైనా పాడుతుంది," అంది సిత్తన. "మా వాగులో ఉంగరాలు ఎవరూ పాతిపెట్టలేదు."

అని, గాడిద మీద నుంచి దింపించిన గోనె విప్పి, అందులోని మట్టి అంగడి ముందు కుమ్మరించింది. సయాల వాగు మట్టి అది, ఇనుము నిండిన నల్లరాళ్ళతో సహా. సందులో ఉన్నవాళ్ళంతా మూగారు. ఊళ్ళో మట్టి అమ్ముడుపోక బజారుకి తెచ్చావా అమ్మా అని ఒకడు, కిలో ఎంత అని ఇంకొకడు. సిత్తన పట్టించుకోలేదు. తోబ్ కొంగు ముడి విప్పి, బుషారా పెళ్ళైన కొత్తలో ఇచ్చిన కందిగింజంత పచ్చి బంగారు గింజని తీసి, ఆ మట్టిలో జానెడు లోతున పెట్టింది.

ఊరేగింపులా మోగిన మిషను నల్లరాళ్ళని చూడగానే గగ్గోలు పెట్టింది. రాయి మీదా అరిచింది, మట్టి మీదా అరిచింది. కుర్రాడు మరలు తిప్పి గోల తగ్గించాడు. గోలతో పాటు గింజ కూడా వినబడకుండా పోయింది. రెండోదీ అంతే. అప్పుడామె మూలనున్న పాతదాన్ని చూపించింది. పిడికి ఎవరో గుడ్డ చుట్టిన మిషను. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. సన్నటి దోమ రొద. నల్లరాళ్ళ మీద ఆ రొద చెదరలేదు. గింజ మీదికి రాగానే ఒక్కసారి కిందికి వాలి, మళ్ళీ లేచింది. పక్కగదిలో పిల్ల నిద్రలో కదిలితే తల్లికి వినబడుతుందే, అంత చప్పుడు.

ఏమైనా పలికిందా అని కుర్రాడు అడిగాడు. పలికింది అంది సిత్తన.

దానికి బిగించే పళ్ళెం ఎంచే దగ్గర మరిది పేచీ పెట్టాడు. పెద్దది తీసుకుందామన్నాడు. ఆమె అన్నిటికంటే చిన్నది పట్టుకుంది.

"కాఫీ కప్పు కింద పెట్టుకునేలా ఉంది వదినా. దీన్ని పట్టుకుని ఊళ్ళో ఎలా తిరగను?"

"పెద్ద పళ్ళెం పట్టే చోటల్లా మీరు వెతికేశారు కదయ్యా. అది పట్టని చోటే మిగిలింది."

తాజ్‌సిర్ దారి పొడుగునా మూతి ముడుచుకునే నడిచాడు. ఊరి దగ్గరికి వచ్చాక మాత్రం మిషనుకి దుప్పటి కప్పమన్నాడు. అది అలగడం కాదు, ముందుచూపు. మా రుబాతాబ్ తెగవాళ్ళ నోటి సంగతి తెలిసినవాడెవడైనా అదే చెబుతాడు. పిండిమర ముందు బల్ల మీద కర్రార్ తాత కూర్చుంటాడు. ఏది చూసినా దానికొక పోలిక చెబుతాడు, ఆ పోలిక విని ఊరు పగలబడి నవ్వుతుంది, ఆ పోలిక పడిన వస్తువు మాత్రం బాగుపడదు. కొత్త పంపుని చూసి, దగ్గుతున్న ముసలాడిలా ఉందన్నాడు. మర్నాటికల్లా అది నీళ్ళు మానేసి దగ్గడం మొదలెట్టింది. ఆయన చెడ్డవాడు కాడు. తుమ్ము ఆపుకోలేనట్టు మాట ఆపుకోలేడు, అంతే. అందుకే ఆ బల్ల ముందు నుంచి వెళ్ళేవాళ్ళు కొత్త మేకపిల్లకి సైతం గుడ్డ కప్పుతారు.

సిత్తన సరిగ్గా ఆ బల్ల ముందే దుప్పటి లాగేసింది. తొమ్మిది మంది ఆడవాళ్ళు గాజులు తీసి కొన్న సొత్తు అది, దొంగ సొత్తు కాదు. ఊరు చూడాలి. ఆమె గుండె ఆ రోజు అంత నిండుగా ఉంది, ఏ భయానికీ అందులో చోటు లేదు.

కర్రార్ తాత మిషనుని కిందనుంచి పైదాకా చూశాడు.

"బాగుంది తల్లీ. చెవిటి పెళ్ళికూతురిలా ఉంది. తల వంచుకునే ఉంటుంది, ఎంత పిలిచినా పలకదు."

బల్ల బల్లంతా నవ్వింది. తరవాత ఒక్కొక్కరుగా నవ్వు ఆపారు. తాత నాలుక కరుచుకుని నేల చూపులు చూశాడు.

మాట పడనే పడింది. తాజ్‌సిర్ ఆ వారమంతా వాగులో తిరిగి, చివరికి మిషనుని తెచ్చి వదిన గుమ్మంలో ఆనించాడు. అది పలకడం లేదని, ఇక తను ముట్టనని చెప్పాడు. ఊళ్ళో మిగతా చెవులవాళ్ళని సిత్తన ఒక్కొక్కరినే అడిగింది. ఒకడికి నడుంనొప్పి, ఒకడికి చెడ్డ కల, ఇంకొకడికి చెల్లెలి పెళ్ళి. మాట పడిన మిషనుని మోసి తన చెవి పోగొట్టుకునేవాడు దూమాలో లేడు. అంగడివాడు ఎటూ వెనక్కి తీసుకోడు.

చీటీ ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. గాజుల ఊసు ఎవరూ ఎత్తలేదు. బోడి మణికట్టు రుద్దుకుంటూ కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. అడిగి తిట్టినా బాగుండేదనిపించేది సిత్తనకి. ఆమెకి సిగ్గుగా ఉంది. దుప్పటి తీసింది తనే. ఈ మిషను మట్టి కొట్టుకుపోతే, ఆడవాళ్ళు కొన్న మిషను అని మనవళ్ళ కాలం దాకా నవ్వుతారు. అయినా ఆ రోజు మళ్ళీ వస్తే ఆ దుప్పటి మళ్ళీ తీసేదాన్నేనని కూడా ఆమెకి తెలుసు.

ఒక సాయంత్రం పెరట్లో గింజని పాతి మిషను ఊపి చూసింది. రొద వాలింది, లేచింది. మిషనులో ఏ లోపమూ లేదు. తాజ్‌సిర్ గడ్డి కోసేవాడిలా దాన్ని విసురుగా ఊపుకుంటూ పోయి ఉంటాడు, పైగా అది కేక వేయాలని చూసి ఉంటాడు. అది కేక వేసే రకం కాదు. దాని మాట వినాలంటే నెమ్మదిగా నడవాలి, నోరు మూసుకోవాలి. మా మగవాళ్ళకి రెండూ కష్టమే.

తెల్లారి తనే వాగుకి వెళతానని అత్తగారితో చెప్పింది. తిట్లకి సిద్ధపడే చెప్పింది.

"ఒంటరిగా పోతే ఊరు నోరు ఊరుకోదు. నేనూ వస్తా," అంది రయ్యా హాజ్జా. "ఎవడైనా ఏమైనా అంటే నువ్వు పలక్కు. నీకు జవాబు చెప్పడం రాదు, నాకొచ్చు."

గాడిద మీద పారా, టీ కెటిలు, ముసలావిడ. ముందు సిత్తన. పొద్దెక్కేదాకా మేకులు, సార్డీను డబ్బా మూత, తుపాకీ గుళ్ళ తొడుగులు తప్ప ఇంకేమీ దొరకలేదు. రయ్యా హాజ్జా ప్రతిదాన్నీ తవ్వి తీసి, దాన్ని అక్కడ పారేసినవాడి తాతల్ని తిట్టి, మూట కట్టింది. ఎండ మండిపోతున్నప్పుడు తుమ్మచెట్టు కింద టీ తాగారు. మళ్ళీ లేచారు. రెండు పెద్ద నల్లరాళ్ళ మధ్య సందులోకి సిత్తన పళ్ళెం పెట్టింది. పెద్ద పళ్ళెం దూరని సందు అది. రొద వాలింది. వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వాలింది.

హెడ్‌ఫోన్ ఒక వైపు తీసి అత్తగారి చెవికి పెట్టి, పళ్ళేన్ని మెల్లగా కదిపింది. ముసలావిడ ఊపిరి బిగబట్టి వింది. పోయిన కొడుకు బతుకంతా ఏం వింటూ గడిపాడో ఆవిడ వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోకుండానే పార అందుకుంది.

మోచేతి లోతున ఖర్జూరపు గింజంత ముద్ద దొరికింది. రయ్యా హాజ్జా దాన్ని నాలుక మీద వేసుకుని మట్టి కడిగి, అరచేతిలో ఉమ్మి చూసింది. పచ్చగా ఉంది. అదే సందులో దాని కింద ఇంకొకటి, ఇంకొంచెం అవతల మరొకటి. పొద్దు వాలేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు, ఎందుకు నవ్వుతున్నారో ఒకరినొకరు అడగలేదు.

మర్నాటికి తాజ్‌సిర్ పారలతో, మనుషులతో, బండితో వాగులో దిగాడు. రాళ్ళు పెకలించాలంటే మగచేతులు కావాలి మరి. మాట దిగిపోయింది వదినా, ఇక మిషను నేను మోస్తానన్నాడు.

"నువ్వు తవ్వు నాయనా. బాగా తవ్వుతావు," అంది సిత్తన, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుంటూ.

ఆ సందు ఇచ్చినంతా ఇచ్చాక, శుక్రవారం నమాజు తరవాత ఊరిపెద్ద హమదున్నీల్ వాకిట్లో పంపకం పెట్టారు. పంపకం మా ఊళ్ళో గుట్టుగా జరగదు. పెద్దాయన ఒక్కొక్క వాటానీ తూచి, అది ఎవరిదో పేరుపెట్టి గట్టిగా పిలుస్తాడు, ఆ మనిషి లేచి అందరి ముందూ అందుకుంటాడు. ఎవరికి ఎంత ముట్టిందో ఊరంతటికీ తెలియాలి. చాపల మీద మగవాళ్ళు, గోడవారగా ఆడవాళ్ళు కూర్చున్నారు.

చేతి వాటా తాజ్‌సిర్‌నీ అతని జట్టునీ పిలిచి ఇచ్చాడు. బండి వాటా బండివాడికి ఇచ్చాడు. మిషను వాటా దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆడవాళ్ళ చీటీది అన్నాడు. గోడవార నుంచి జగారీద్ సంబరపు కేకలు లేచాయి. తొమ్మిది నాలుకలు ఒక్కసారి ఆడితే పావురాలు చెట్లు వదిలి పారిపోయాయి. రయ్యా హాజ్జా వెళ్ళి కొంగు పట్టి తీసుకుంది.

"చెవి వాటా," అన్నాడు పెద్దాయన. "బుషారా ఇంటిది."

మగవాళ్ళ సభలో ఆడమనిషి పేరెత్తి పిలవడం మర్యాద కాదు. అందుకే ఇల్లు అన్నాడు. ఇంటి తరఫున అందుకోవడానికి తాజ్‌సిర్ లేవబోయాడు. సిత్తన అతనికంటే ముందు లేచింది.

"ఆయన చెవి ఆయనతోనే మట్టిలోకి పోయింది పెద్దయ్యా. ఇది విన్నది సిత్తన."

పెద్దాయన తక్కెడకేసి చూశాడు, మనుషులకేసి చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో, ఎరగని దారిలో నిలబడ్డవాడి తికమక ఉంది. తాజ్‌సిర్ లేవాలో కూర్చోవాలో తెలియక సగంలో వంగి ఉండిపోయాడు.

అప్పుడు గోడవార నుంచి రయ్యా హాజ్జా గొంతు వినిపించింది.

"నా కోడలికి వాళ్ళ నాన్న ఊరికే పేరు పెట్టలేదు హమదున్నీల్. గొర్రెని కోసి, ఊరందరికీ మాంసం పెట్టి మరీ పెట్టాడు. నువ్వూ తిన్నావు. పిలువు."

చాపల మీద ఎవరో దగ్గారు, ఎవరో నవ్వాపుకున్నారు. తాజ్‌సిర్ కూర్చున్నాడు. పెద్దాయన తక్కెడ కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఏటి ఒడ్డున పడవ కట్టేవాడికి సైతం వినబడేలా పిలిచాడు.

"చెవి వాటా, అబ్బూద్ కూతురు సిత్తనది."

సిత్తన తోబ్ సర్దుకుని, మగవాళ్ళ చాపల మధ్య నుంచి నడిచి వెళ్ళి తీసుకుంది.