చెల్లెలి ముక్కు

సారపాక పేపరు మిల్లు క్వార్టర్లలో పెరిగిన ఆ అక్కాచెల్లెళ్లలో ఆరాధనకు తల్లి విశ్రాంతమ్మ ముక్కు వచ్చింది. సన్నగా, నిటారుగా ఉండేది. పెద్దదైన మహిమకు తండ్రి చప్పిడి ముక్కు. చుట్టాలు చిన్నదాన్ని చూసి మురిసిపోయి, పెద్దదాన్ని "చదువుల ఫస్టట గదా" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలుకు అర్థం మహిమకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

2006 వానాకాలంలో మణుగూరు రోడ్డు మీద స్కూటీ జారి ఆరాధన ముక్కు విరిగింది. వాపు తగ్గేసరికి దూలం ఎడమవైపు ఒరిగిపోయి ఉంది. ఒక పక్క ఊపిరి ఆడదు. చర్చిలో పాట పాడుతూ మధ్యలో ఆగిపోయేది. ఆ క్రిస్మస్‌కు ఎవరో ముసలామె మహిమ గడ్డం పట్టుకుని, "ఇద్దర్ల నువ్వే మంచిగున్నవ్ బిడ్డా" అంది. మహిమ నర్సుగా పనిచేసే ఖమ్మం దాకా ఆ మాట ఆమె వెంటే వచ్చింది.

జనవరిలో తల్లి ఫోన్ చేసింది. "చెల్లెకు ముక్కు ఆపరేషన్ చేపిద్దామనుకుంటున్నం. నీకు డాక్టర్లు తెలుసు గదా, మంచోళ్లను చూడు. పాపం, అద్దం చూసుకునుడే బంద్ చేసింది."

తను అద్దం ఎంత తక్కువ చూసుకుంటుందో ఎన్నడైనా ఎవరైనా అడిగారా? అనుకుంది మహిమ.

ప్రమాదాల్లో దెబ్బతిన్న ముఖాలను సరిచేసే సర్జన్ ఒకావిడ హైదరాబాదులో ఉందని ఆమెకు తెలుసు. తమ దవాఖానా నుంచి వెళ్లినవాళ్లు బాగుపడి వచ్చారు. ఖమ్మంలో కొత్తగా బోర్డు పెట్టిన ఒకాయన దగ్గర ముక్కు చేయించుకున్న అమ్మాయి చీము పట్టి తమ వార్డులోనే పడుకుందనీ తెలుసు.

"ఖమ్మంలనే ఒకాయన ఉన్నడు. పంపించు" అంది మహిమ.

ఆరాధన బస్సు దిగుతూనే అక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నవని భయమైతలేదక్కా."

డాక్టరు ఆల్బమ్ ముందు పెట్టాడు. అన్నీ ఒకేలాంటి ముక్కులు. "గంట పని. తెల్లారి ఇంటికి పోవచ్చు" అన్నాడు. లైటు వేసి లోపల చూడనేలేదు.

"సార్, పండుకుంటే ఊపిరి అందుతలేదు. అదిగూడ పోతదా?" అని ఆరాధన అడిగింది.

"ముందు షేపు రానీయమ్మా. ఊపిరి సంగతి తర్వాత."

మహిమకు వార్డులో నోరు తెరుచుకుని పడుకున్న ఆ అమ్మాయి కళ్లముందు మెదిలింది. "సార్, ఈ ఆపరేషన్ మీరెక్కడ నేర్చుకున్నరు? మత్తు ఎవరిస్తరు?"

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "నీ ముక్కు బాగాలేదని చెల్లెలిది కూడా చెయ్యనీయవా?"

మహిమ తలెత్తలేకపోయింది. ఆరాధన మాత్రం దిగ్గున లేచింది. "మా అక్క ముక్కుకేమైంది? పా అక్కా, పోదాం."

మెట్లు దిగాక మహిమ హైదరాబాదు డాక్టరు గురించి చెప్పింది.

"ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు మళ్ల గట్లనే అందంగ అయితవని కుళ్లుకున్న."

ఆరాధన ఆమె చెయ్యి వదిలేసింది. బస్టాండు దాకా ముందు ముందు నడిచింది. బస్సెక్కాక కిటికీలోంచి, "హైదరాబాద్‌కు నువ్వే తీస్కపోవాలె" అని మాత్రం అంది.

హైదరాబాదు డాక్టరు లైటు వేసి లోపలంతా చూసింది. పాత ఎక్స్‌రేలు అడిగింది. తాను చేసినవాటిలో సరిగా కుదరనివాటి ఫోటోలు కూడా చూపించింది. "ఊపిరి దారి సరిచేస్తాను. పాత ముక్కే వస్తుందని మాటివ్వను. వాపు పూర్తిగా పోవడానికి ఏడాదైనా పట్టొచ్చు" అంది. ఆరాధన అక్కవైపు చూసింది. మహిమ తలూపింది.

మార్చిలో ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు వాపులోనూ ముక్కు తిన్నగా కనబడింది. ఆరాధన రెండు పక్కలా గాలి నిండా పీల్చి కళ్లు మూసుకుంది. మహిమకు సంతోషం వేసింది. దాని పక్కనే ఆ పాత మంటా లేచింది.

"ఎట్లుందక్కా?"

"మంచిగుంది."

"కుళ్లుగుందా?"

"ఉంది" అంది మహిమ.

ఆరాధన ఫక్కున నవ్వబోయి నొప్పితో ముఖం పట్టుకుంది.

"నవ్వకే, కుట్లు లాగుతయ్" అంటూ మహిమ తడి దూది అందుకుంది.