తెగని పోగు

నవ్వు నాలుగు విధాల చేటంటారు. మహేశ్వరి ఆ సామెత చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది కానీ, హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో కిటికీ పక్క సీటు దొరికిన డిగ్రీ పిల్లకు సామెతలు ఎక్కడ గుర్తుంటాయి? పక్కనే ఆమె క్లాస్‌మేట్ మంజులత ఫోను పట్టుకుని కూర్చుంది. ఇయర్‌ఫోన్ చెరొక చెవికి ఒకటి.

"ఇంత పెద్దదానివై కార్టూన్లు చూస్తాండావా?" అంది మహేశ్వరి.

"కార్టూన్ అన్నావంటే కొడతా. ఇది జపానోళ్ల యానిమే. మూసుకుని చూడు," అంది మంజులత.

కత్తిసాములో తలపండిన ఒక ముసలి గురువు కథ అది. ఆయనకు చూపు పోతోంది. ఆ సంగతి శిష్యులందరికీ తెలుసు, ఆయనకు తప్ప. గురువు పరువు నిలబెట్టడానికి వాళ్లు పడే పాట్లే ఎపిసోడంతా. ఆయన నరకబోయే వెదురును ముందే కోసి నిలబెడతారు. ఆయనతో తలపడేవాడి నడుముకు దొంగచాటుగా గంట కడతారు. ఆయన దిష్టిబొమ్మకు వంగి నమస్కారం పెడితే ఒకడు గొంతు మార్చి దాని తరఫున బదులు పలుకుతాడు. చివరికి గురువు, లోకంలో నా అంతవాడు లేడని మీసం దువ్వి, పక్క ఊళ్లోని అసలైన కత్తివీరుడి మీదికి ఒంటరిగా బయల్దేరతాడు. శిష్యులు కేకలు పెడుతూ వెంట పరుగెత్తుతారు. పాట వస్తుంది, అయిపోతుంది. ఆ చివరి ముక్కకే మహేశ్వరి పొట్ట పట్టుకుని నవ్వింది. పెనుకొండలో ఎక్కిన పెద్దాయన "ఏమైందమ్మా?" అని అడిగేదాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత ఆమెకు నాయన గుర్తొచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

బాలప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. బాలప్ప చీరలో పోగు తెగదని వీధిలో పేరు. ఏడాదిగా ఆ పేరు నిలబెడుతున్నది మాత్రం ఆయన కాదు, భార్య కుళ్ళాయమ్మ. ఆయన టీ తాగడానికి అంగడికి పోతాడు. ఆమె వెంటనే మగ్గం గుంతలోకి దిగుతుంది. ఆయన కంటికి ఆనకుండా తెగిపోయిన పోగును వెతికి ముడేస్తుంది. ఆ పోగు లేక నేతలో పడిన గీతను సూదితో, పట్టుపోగుతో పూడ్చేస్తుంది. ఆయన రంగులు పొరబడకుండా ఎర్రపట్టు చుట్టిన కండెలు ఎప్పుడూ ఎడమ పక్క, పచ్చ కండెలు కుడి పక్క పెడుతుంది. "ఇన్నేండ్లకు మీ అమ్మకు పని పద్ధతి తెలిసింది," అని బాలప్ప కూతురి దగ్గర మురిసిపోయేవాడు.

ఆ సాయంత్రం మహేశ్వరి ఇల్లు చేరేసరికి కుళ్ళాయమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆమె కోసమే చూస్తోంది.

"పెనుకొండలో రేపు కండ్ల క్యాంపంట," అంది గొంతు తగ్గించి. "మీ నాయనకు చెప్పేద్దామా? చూపు తగ్గిందని, పోగులు నేనే కడతాండానని. చెప్పకుంటే ఆయప్ప రాడు. బాగుండే కండ్లకు డాక్టరెందుకంటాడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

మహేశ్వరి తలలో ఇంకా రైల్లో చూసిన బొమ్మలే ఆడుతున్నాయి. గురువు తల దించుకోకుండా కాపాడిన ఆ శిష్యులు ఆమెకు చాలా గొప్పవాళ్లుగా కనిపించారు. ప్రేమంటే అదే కదా అనుకుంది. పెద్దవాళ్ల పరువు కోసం నాలుగు అబద్ధాలాడితే ఏం పోయింది?

"చెప్పొద్దు మా," అంది. "నువ్వు కట్టిన పోగులతో పేరు నిలబడిందని తెలిస్తే నాయన మళ్లా మగ్గమెక్కడు. వయసైతే ఎవురికైనా చూపు తగ్గుతాది. మనమే చూసుకుందాం. శని ఆదివారాలు నేనూ కడతా."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే ఇది. కుళ్ళాయమ్మకున్న మతి సరైనదే. కూతురి మీది గౌరవంతో ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత తల్లీకూతుళ్లకు అదొక ఆటయింది, చెప్పుకోవడానికి సిగ్గుపడాలి గానీ. బాలప్ప చెప్పులేసుకోగానే ఇద్దరూ కళ్లతోనే సైగ చేసుకునేవాళ్లు. మహేశ్వరి వేళ్లు సన్నవి, తల్లికన్నా బాగా పని పట్టుకుంది. ఒకరోజు బాలప్ప గోడకు వేలాడుతున్న తన చొక్కానే చూసి, "ఎవురప్పా, లోపలికి రాండి," అన్నాడు. కుళ్ళాయమ్మ కొంగు, మహేశ్వరి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు.

ఏడాది తిరిగి మళ్లీ వేసవి వచ్చింది. ఒక పొద్దున బాలప్ప గడపలో నిలబడి, "ఇంకా తెల్లారలేదేమే?" అని అడిగాడు. అప్పటికి ఎండ ఇంట్లోకి సగం దూరం వచ్చేసింది.

ఈసారి పెనుకొండ క్యాంపుకు ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. డాక్టరు రెండు కళ్లలోనూ లైటు వేసి చాలాసేపు చూశాడు. "షుగరు ఉందా? చూపు ఎప్పటి నుంచి తగ్గింది పెద్దాయనా?" అన్నాడు.

"షుగరుకు మాత్రలు మింగుతాండా సార్. చూపు తగ్గేది యాడిది? నిన్నమొన్నటిదాకా బాగనే ఉండె," అన్నాడు బాలప్ప. "నడమ నడమ మసకేసినట్ల అనిపిచ్చేది. అనుమానమొచ్చినప్పుడంతా చీర మీద వేలు పెట్టి తడుముకుంటాంటి. ఒక్క పోగు పోయిండేది కాదు. కండ్లు బాగలేకుంటే చీర ఎట్ల బాగుంటాది సార్?"

మహేశ్వరికి అప్పుడు అర్థమైంది. నాయన తన కళ్లకు పరీక్ష తానే పెట్టుకుంటూ వచ్చాడు, ప్రతిసారీ ఆ పరీక్ష తాము రాసి ఆయన్ను పాస్ చేశారు.

"షుగరు కంటి లోపలి పొరను తినేసిందమ్మా," అన్నాడు డాక్టరు వాళ్ల వైపు తిరిగి. "పోయిన ఏడాది వచ్చుంటే ఉన్న చూపైనా నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు పెద్ద ఆసుపత్రికి రాసిస్తాను, పోండి. కానీ ఆశ పెట్టుకోవద్దు."

తిరుగు బస్సు చెన్నేకొత్తపల్లి దాటింది. మహేశ్వరికి ఆ గురువు ఒంటరిగా పక్క ఊరికి బయల్దేరిన ముక్క కళ్ల ముందు తిరిగింది. పాఠం ఉన్నది అక్కడ. తాను పొట్ట పట్టుకుని నవ్వింది సరిగ్గా అక్కడే. తనమీద తనకు అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే బాలప్ప గోడ తడుముకుంటూ పోయి మగ్గంలో కూర్చున్నాడు. వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. కాసేపు పోగును మోసే నాడె ఇటూ అటూ ఆడింది. ఉన్నట్టుండి ఒక పోగు తెగింది. అలవాటు కొద్దీ కుళ్ళాయమ్మ చప్పుడు కాకుండా లేచింది. మహేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాయనా, పోగు తెగింది."

ఆయన చెయ్యి ఆగింది. "యాడ?"

మహేశ్వరి ఆయన వేలు తీసుకుని తెగిన చోట పెట్టింది. ఆయన ఆ కొసను చాలాసేపు వేళ్ల మధ్య నలిపాడు.

"శానా తెగతాండెనా?"

"శానా, నాయనా."

"ఎవురు కడతాంటిరి?"

"అమ్మ. నేనూ."

బాలప్ప నేసిన చీర మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మెల్లగా చెయ్యి పోనిచ్చాడు.

"నా వేలికే తెలీకుండా కట్టినారే," అన్నాడు. "మంచి పనోళ్లు మీరు."