కొత్తామె పని

భోజనాల బెల్లు కొట్టగానే కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆమె మాత్రం లేవలేదు. చెకింగ్ నుంచి తిరిగొచ్చిన షర్టు కాలర్ల మూటను ఒళ్లో వేసుకుని, తప్పు పడ్డ కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ లైన్లో ఎవరి కుట్టు తప్పినా విప్పేది కొత్తగా చేరినామే. కంపెనీ పెట్టిన రూలు కాదది, పెద్దక్క పెట్టిన పద్ధతి. పెద్దక్క ఇరవై ఏళ్లుగా అక్కడ కుడుతోంది. ఎవరిని పర్మనెంటు చెయ్యాలన్నా సూపర్‌వైజరు ముందు ఆమెనే అడుగుతాడు. అందుకే ఈమె ఎనిమిది నెలలుగా నోరు మెదపకుండా విప్పుతోంది. అందరూ తిన్నాక, చివరి పది నిమిషాల్లో, మిషను దగ్గరే నాలుగు ముద్దలు మింగుతుంది.

ఇంట్లో చెబితే మొగుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "కొత్తలో ఎక్కడైనా అంతే. సర్దుకుపోవాలి," అన్నాడు. పెళ్లైన కొత్తలో అత్తగారూ అదే మాటంది. ఆ కొత్త ఆరేళ్లు సాగింది. ఆరేళ్లూ అందరి తర్వాత తిని, అందరి కంచాలూ కడిగింది. మరిదికి పెళ్లై తోడికోడలు వచ్చిన వారానికి అత్తగారు, "ఇక నువ్వు మాతో కూర్చో," అంటే ప్రాణం లేచొచ్చినట్టైంది. తోడికోడల్ని సింకు దగ్గరికి తనే తీసుకెళ్లింది. "నాకూ ఇలాగే చెప్పారమ్మా," అని కూడా అంది. ఆ పిల్ల గిన్నెల వంక చూసి, తర్వాత ఈమె వంక చూసింది. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది.

"ఇలా రావే," భోజనాల బల్ల దగ్గర్నుంచి పెద్దక్క పిలిచింది. అక్కడున్నవాళ్లంతా జరిగి చోటిచ్చారు. "ఇవాళ్టి నుంచి ఇది నీ చోటు. సాయంత్రం సూపర్‌వైజరుకి నీ గురించి చెప్తాను. ఆ మూట కొత్త పిల్లకిచ్చి, మన పద్ధతి చెప్పిరా."

కొత్త పిల్ల పొద్దున్నే చేరింది. తలుపు పక్కన, డబ్బా మూత తియ్యకుండా, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తోంది.

ఆమె మూట పట్టుకుని లేచింది. రెండు మాటలు చెబితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. కాదంటే నోటి దగ్గరి కూడు తనే తన్నుకున్నట్టు. కానీ కాళ్లు తలుపు వైపు కాక బల్ల వైపు నడిచాయి.

ఎనిమిది నెలలు విప్పితే ఎవరి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. ఒకరి కుట్టు వదులు, ఒకరిది బిగువు. పెద్దక్క ఎడమ మొన దగ్గర ఎప్పుడూ ఒక కుట్టు దాటేస్తుంది. ఆమె ఒక్కొక్క కాలరూ తీసి ఎవరిది వాళ్ల ముందు పెట్టింది. తనది ఒకటుంటే భుజాన వేసుకుంది. నమలడాలు ఆగిపోయాయి.

"ఏంటే ఇది?"

"మీవి నాలుగున్నాయక్కా."

"సాయంత్రం నేనేం చెప్తానో తెలుసుగా?" పెద్దక్క గొంతు పెంచలేదు.

"తెలుసక్కా."

తన డబ్బా తెచ్చుకుని, వెళ్లి కొత్త పిల్ల పక్కన కూర్చుంది.

"ఇక్కడ పద్ధతులేంటక్కా?" ఆ పిల్ల భయంభయంగా అడిగింది.

"ముందు తిను," అంది ఆమె. "తర్వాత ఎవరి కుట్టు వాళ్లే విప్పుకోవాలి."

బల్ల దాకా వినబడేలాగే అంది.