నలభయ్యో టేకు

మా అత్తయ్యను పిల్లలు "ముప్పై తొమ్మిది టేకుల మామ్మ" అని ఏడిపిస్తారు. ఆవిడ జన్మలో నటించింది ఒకే సినిమాలో, అందులోనూ ఒకే సీనులో. ఇల్లు విడిచి పోతున్న కొడుకు ముఖాన తల్లి తలుపు వేస్తుంది. మనసు ఒప్పక, కాసేపటికి ఓరగా తెరిచి చూస్తుంది. మాటల్లేవు. ఆ చూపు కోసం అంత పెద్ద దర్శకుడూ ముప్పై తొమ్మిది సార్లు తలుపు వేయించాడట. సినిమా విడుదలయ్యేసరికి ఆవిడ మా ఆయన్ని కని మంచం మీద ఉంది. తర్వాత చూసే యోగం పట్టలేదు.

అందుకే ఫిలిం క్లబ్బులో ఆదివారం పొద్దున ఆ సినిమా వేస్తున్నారని తెలియగానే తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఏదో పాత హాలు గోదాములో దొరికిందట, మిగిలిన ప్రింటు అదొక్కటేనట. ఎనభై రెండేళ్ల మనిషి కళ్లజోడు నాలుగుసార్లు తుడుచుకుంది.

కొడుకు గడప దాటాడు. మరుక్షణం రోడ్డు మీద ఉన్నాడు. తలుపూ లేదు, తల్లీ లేదు.

"అదేంటమ్మాయ్, నేను గానీ కునుకు తీశానా?" అంది అత్తయ్య.

ఆట అయ్యాక చర్చ. క్లబ్బు కార్యదర్శి మైకు అందుకున్నాడు.

"మొత్తం సినిమాలో తల్లి కనిపించదు, గమనించారా? చూపించకుండానే చూపించడం! అదీ దర్శకుడంటే!"

చప్పట్లు. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. ఈయనగారేదో ఆ దర్శకుడి బుర్రలో కాపురం చేసొచ్చినట్టు! లేచి, ఆ తల్లి ఈవిడేనని చెప్పాను.

ఆయన నవ్వాడు. "తీసే ఉంటారండీ. తర్వాత దర్శకుడే వద్దనుకుని ఉంటాడు."

"వద్దనుకునేవాడు ముప్పై తొమ్మిది సార్లు ఎందుకు తీశాడు బాబూ?" అంది అత్తయ్య.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. "ఆయన కాదండీ, కోసింది నేను. ఈ ప్రింటు మా హాలుదే. అక్కడ ఆపరేటర్ని. రోజుకో ఆట ఎక్కువ వెయ్యాలని మా ఓనరు నిడివి తగ్గించమన్నాడు. మాటల్లేని సీను కదా, ఎవరికీ తెలీదులే అనుకున్నాను. ముక్క పారేశానమ్మా."

"ఇప్పుడైనా చెప్పావు, అంతే చాలు నాయనా" అంది అత్తయ్య.

కార్యదర్శి మాత్రం తగ్గలేదు. "ఏదైతేనేం, ఆ సీను లేకపోవడమే సినిమాకి బలం. మా పుస్తకంలో అలాగే రాశాం. అచ్చయిపోయింది కూడా."

ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని లేదంటాడేమిటి! ఒక్క క్షమాపణ లేదు, కనీసం సిగ్గయినా లేదు. నేను నోటికొచ్చినట్టు కడిగేస్తుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లేచింది.

పెద్దావిడ కదా అని కార్యదర్శి గుమ్మం దాకా వచ్చాడు. అత్తయ్య గడప దాటి, వెనక్కి తిరిగి, ఆయన కళ్లలోకి ఒక్క చూపు చూసి తలుపు వేసేసింది.

వరండాలో నిలబడి అడిగాను. "ఓరగా తెరిచి చూడాలి కదా అత్తయ్యా?"

"వాడేమన్నా నా కొడుకా? పద" అంది.