పార్టీ గడిలో టిక్కు

నాలుగూ నలభై. ఇంకో ఇరవై నిమిషాల్లో టౌన్ ఆఫీసు కిటికీ మూసేస్తారు.

బూట్లకంటిన మంచు దులుపుకుని ఒడెట్ థిబొడో కిటికీ దగ్గరికి వచ్చింది. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆమెకు బాగా తెలుసు. మిల్లు మేనేజరు వేన్ హాల్సీ, చేతిలో కుక్క లైసెన్సు కాగితం. ఎల్డన్ మిల్స్‌లో కుక్కకైనా, చేపల వేటకైనా, ఓటుకైనా ఒకటే కిటికీ.

పేపర్ మిల్లు క్యాంటీన్ తొమ్మిదేళ్లుగా ఒడెట్‌దే. సోమవారం కాంట్రాక్టు మళ్లీ రాయాలి. రాయాల్సింది హాల్సీ.

తిరిగి వెళ్లిపోయి రేపు రావచ్చు. కానీ రేపటికి గడువు దాటిపోతుంది. ఈ సాయంత్రానికి రాష్ట్రంలో తగినంత మంది ఓటర్లు తమ పార్టీగా గ్రీన్ పార్టీని రాయించుకోకపోతే వచ్చే ఎన్నికల బ్యాలెట్ మీద దాని పేరే ఉండదు. ఊరి కుళాయిలకు నీళ్లొచ్చే నదిలో మిల్లు మడ్డి కలుస్తోందని బయటికి అన్నది ఆ పార్టీ ఒక్కటే.

"ఓటరు నమోదు కార్డు ఇవ్వు, జీనెట్."

గుమాస్తా జీనెట్ ఆమెకు ఆడపడుచు. అడగకుండానే పేరు, వీధి గబగబా రాసి, డెమోక్రాట్ గడిలో టిక్కు కూడా పెట్టేసింది. థిబొడోలు మూడు తరాలుగా అదే గడి.

"ఇది చించెయ్. ఇంకోటివ్వు."

"ఏం తప్పు రాశానొదినా?"

"పార్టీ."

జీనెట్ గొంతు తగ్గించింది. "ఎవరు ఏ పార్టీయో ఈ జాబితా ఎవరడిగినా చూపించాలి నేను. అసలు నీ వెనక ఎవరున్నారో చూశావా?"

"దగ్గు విన్నాలే." ఒడెట్ గొంతు పెంచింది. "గ్రీన్ పార్టీ. రాసుకో."

హాల్సీ పకపకా నవ్వాడు. "ఓటు పారేసుకోడానికి ఇంత చలిలో వచ్చావా, ఒడెట్? వాళ్లు మిల్లు మూయించే రకం. మిల్లు మూస్తే నీ సూప్ ఎవరు తాగుతారు, బాతులా?"

లైన్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒడెట్ కొత్త కార్డు నింపుతూనే ఉంది.

"సోమవారం కాంట్రాక్టు సంగతి మాట్లాడదామనుకున్నా. ఇక అక్కర్లేదనుకుంటా," అన్నాడు హాల్సీ.

ఆమె పెన్ను పెట్టేసి వెనక్కి తిరిగింది.

"సూప్ మాట మీరే ఎత్తారు. జూన్ నుంచి మీ గిన్నె ఒక్కటీ సీసా నీళ్లతో విడిగా కాయమన్నారు. కుళాయి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని నోటీసు మీద మీరు సంతకం పెట్టిందీ ఆ జూన్‌లోనే. అవునా, కాదా?"

లైన్లో తలలన్నీ హాల్సీ వైపు తిరిగాయి.

"మిగతా వాళ్లకి కుళాయి నీళ్లతోనే వండాను. కాంట్రాక్టు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదే. అందుకే ఇవాళ ఇక్కడున్నాను."

చేపల లైసెన్సు జేబులో పెట్టుకుని వెళ్లబోతున్న ఆర్మాండ్ గుమ్మంలో ఆగిపోయాడు. ముప్పై ఏళ్లు మిల్లులో యంత్రం నడిపిన మనిషి. "నేను రోజుకి రెండు గిన్నెలు తాగానే ఒడెట్!"

"తెలుసు. ఆదివారం ఇంటికొచ్చి తిట్టు, పడతాను. ఇప్పుడు టైం లేదు."

"క్యాంటీన్ తాళాలు రేపు పొద్దున నా టేబుల్ మీద ఉండాలి," అన్నాడు హాల్సీ.

ఒడెట్ కోటు జేబులోంచి గుత్తి తీసి అతని కుక్క కాగితం మీద పెట్టింది. "రేపటిదాకా ఎందుకు? చిక్కుడు గింజలు ఉడికించే మట్టి కుండ మాత్రం నాది. అది పట్టుకెళ్తా."

ఆమె కార్డు మీద జీనెట్ ముద్ర దభీమని పడింది. నాలుగూ యాభై రెండు.

ఆర్మాండ్ భుజంతో తోసుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు. "అలాంటిది నాకొకటి పడెయ్, జీనెట్. గడి నేనే చూసుకుంటా, నువ్వు చెయ్యి పెట్టకు." అతని వెనక ఇంకో చెయ్యి లేచింది.

"లైన్లో నా వంతు," అన్నాడు హాల్సీ.

జీనెట్ తలెత్తలేదు. ఖాళీ కార్డుల కట్ట విప్పుతోంది.

"కుక్కలు రేపు సార్. ఐదింటిదాకా ఓటర్లే."